పోశయ్య చెప్పిన సాక్ష్యం

సంఘం పోశయ్యను వదిలేసింది. ఇందులో వాదనకు తావు లేదు. భార్య కట్టమ్మ పోయాక రెండు క్రిస్మస్‌లు గడిచాయి. మడికొండలో నక్షత్రం కట్టిన ప్రతి ఇంటి ముందూ పాటల బృందం ఆగేది. పోశయ్య గేటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం డప్పు ఆగిపోయేది, అడుగులు మెల్లగా పడేవి, మలుపు తిరిగాక మళ్లీ పాట మొదలయ్యేది. తలుపు వెనక నిలబడి అతడు ఆ పాట దూరమవడం వినేవాడు. కట్టమ్మ ఉన్నప్పుడు వాళ్లు మూడు పాటలు పాడితే తప్ప చాయ్ పోసేది కాదు.

అందుకే క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలంలో మూడో ఆదివారం పొద్దున, గడ్డం గీసుకుంటూ పోశయ్య ఒక నిర్ణయానికి వచ్చాడు. ఇవాళ సాక్ష్యాల సమయంలో లేచి, మైకు పట్టుకొని, అందరినీ ముఖం మీదే అడిగేస్తాడు. ఆ తర్వాత ఆ మందిరం గడప తొక్కడు. అద్దం ముందు ఒకసారి చెప్పి చూసుకున్నాడు. బాగానే వచ్చింది.

మూడో ఆదివారం సంతోషపు కొవ్వొత్తి వెలిగించే రోజు. పోశయ్యకు ఆ ధ్యాస లేదు. పాస్టరు అయ్యగారు కొవ్వొత్తి ముట్టించి, "దేవుడు చేసిన మేలు ఎవలన్న చెప్తరా?" అని అడిగీ అడగకముందే అతడు లేచాడు. ఇన్నాళ్లూ నోరు విప్పని మనిషి లేవడంతో మందిరమంతా సర్దుకు కూర్చుంది.

"కట్టమ్మ పోయి రెండేండ్లాయె," అన్నాడు పోశయ్య.

"స్తోత్రం!" అన్నారు జనం. అది అలవాటు. సాక్ష్యం చెప్పేవాళ్లు ఊపిరి తీసుకున్నప్పుడల్లా సంఘం ఆ ఖాళీని అలా నింపుతుంది.

"నా ఇంటి దిక్కు ఒక్కలు రాలే!"

"హల్లెలూయ!"

"ఒక్కన్నే తింటాన, ఒక్కన్నే పంటాన!"

"స్తోత్రం, స్తోత్రం!"

పోశయ్య గొంతు పెంచాడు. గొంతు పెరిగితే ఆత్మ కదిలినట్టే అని నమ్మే శ్రీకాంత్ కీబోర్డు అందుకున్నాడు. కోపం పెరిగినకొద్దీ వాయిద్యమూ పెరిగింది. "మీకు నా గేటు కనవడ్తలేదా? వస్తే నేనేమన్న వద్దంటానా?" అని పోశయ్య అరిచేసరికి, స్త్రీల సమాజం పెద్ద విజయలక్ష్మి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అయ్యగారు పరుగున వచ్చి అతణ్ని కావలించుకున్నారు. ఆ కావలింతలో మైకు చేతులు మారింది.

"మన పోశన్న పిలిచిండు! ఇయ్యాల సాయంత్రం పోశన్న ఇంట్ల కృతజ్ఞత కూడిక! అందరు రావాలె!"

"అయ్యగారూ, నేను పిలుస్తలేను. కొట్లాడుతాన!"

చప్పట్లలో ఆ మాట ఎవరికీ చేరలేదు.

సాయంత్రం టెంట్‌హౌస్ ట్రాలీ వచ్చి షామియానా, కుర్చీలు దించింది. పోశయ్య లోపలికి పోయి గడియ పెట్టుకున్నాడు. ఇంట్లో చాయ్‌పత్తా కూడా లేదు. కట్టమ్మ ఇంటికి వచ్చినవాళ్లు ఖాళీ నోటితో పోవడం చూడటం కంటే తలుపు తీయకపోవడమే నయం. విసిగి వాళ్లే పోతారు. వాళ్లు పోలేదు. పోశన్న ప్రార్థనలో ఉన్నాడనుకొని, మాట్లాడకుండా, తలలు వంచుకొని కూర్చున్నారు.

ఎదురుగా కిరాణా కొట్లోంచి కిషన్ రావు ఇదంతా చూశాడు. ఒంటరి ముసలాయన ఇల్లు. వాకిట్లో షామియానా. తెల్లచీరల ఆడవాళ్లు. మూసిన తలుపు. ఇంకా ఎవరినైనా అడగాలా? షట్టర్ సగం దించి, హనుమకొండలో ఉండే పోశయ్య బిడ్డ దీపకు ఫోన్ చేశాడు. "బిడ్డా, గుండె గట్టి చేసుకో. మీ బాపు... ఏం చెప్పాలె, నువ్వు జెల్ది రా." తర్వాత దండ తేవడానికి పోయాడు.

దీప ఆటో దిగుతూనే శోకం పెట్టింది. ఆ ఏడుపు విని షామియానా కింద వాళ్లకూ అనుమానం తగిలింది. ఇంతసేపు ప్రార్థన ఎవరు చేస్తారు? అందరూ ఒక్కసారి ఘొల్లుమన్నారు. శ్రీకాంత్ దూరం నుంచి ఉరికొచ్చి తలుపును భుజంతో గుద్దబోయాడు. సరిగ్గా అప్పుడే పోశయ్య గడియ తీశాడు. శ్రీకాంత్ ఆగకుండా వంటింట్లోకి పోయి పడ్డాడు.

"ఏంది ఈ లొల్లి? ఎవలు సచ్చిండ్రు?"

"నువ్వే," అన్నాడు దండతో నిలబడ్డ కిషన్ రావు.

"నేను సావలే."

"మరి జర ముందుగాల చెప్పద్దా? పూలోడు వాపస్ తీసుకోడాయె."

"బతికుంటే తలుపు తియ్యాలె గద బాపూ! ఆటోల నేను సగం సచ్చిన," అని దీప తండ్రి భుజం మీద గుద్ది, ఆ భుజం మీదే తల పెట్టి ఏడ్చింది.

ఇక దాక్కోవడానికి చోటు లేదు. పోశయ్య షామియానా వైపు తిరిగాడు. "రెండేండ్లు రానోళ్లు ఇయ్యాలెందుకు వచ్చిండ్రు?"

"నువ్వు పిలిస్తివి గదన్నా!" అంది విజయలక్ష్మి. "సావైన ఇంటోళ్లు కృతజ్ఞత కూడిక పెట్టందాక ఆ ఇంటి ముంగట డప్పు కొట్టద్దు, పిలువకుంట లోపటికి పోవద్దు. మన సంఘం రివాజు. నీ దుఃఖం ఇంక తీరలేదని గేటు కాడ సప్పుడు గాకుంట పోయినం. ఎప్పుడు పిలుస్తవా అని చూస్తనే ఉన్నం."

"నాకెవలు చెప్పిండ్రు?"

"నీకు తెల్వదని మాకెవలు చెప్పిండ్రు? గివన్ని అక్కనే చూసుకునేది."

నిజమే. ఎవరింటికి ఎప్పుడు పోవాలో, ఎవరిని ఎప్పుడు పిలవాలో కట్టమ్మకు తెలిసేది. అతడు చెప్పులేసుకొని వెనక నడిచేవాడు. ఆమె లేక, వాళ్లు గేటు బయటా అతడు తలుపు వెనకా రెండేళ్లు ఒకరి కోసం ఒకరు ఎదురుచూశారు.

కిషన్ రావు కొట్టు తెరిచి చాయ్‌పత్తా, చక్కెర పంపాడు. డప్పు మోగింది. రెండో పాటలో, కట్టమ్మ ఎప్పుడూ శ్రుతి తప్పే చోట ఎవరూ శ్రుతి తప్పలేదు. పోశయ్య తల వంచుకున్నాడు. మళ్లీ ఎత్తేసరికి మూడో పాట సగమైంది.

"ఒక్క మాట చెప్పు పోశన్నా. దేనికి కృతజ్ఞత?" అని అడిగారు అయ్యగారు.

పోశయ్య గేటు వైపు చూశాడు. అది బార్లా తెరిచి ఉంది.

"వచ్చిండ్రు," అన్నాడు. "గంతే."

ఈసారి ఆ ఖాళీని ఎవరూ స్తోత్రంతో నింపలేదు. విజయలక్ష్మి అతడి చేతిలో చాయ్ గ్లాసు పెట్టింది.

మరుసటి వారం అదే సంగతి సాక్ష్యంగా చెప్పమని అయ్యగారు మైకు చాపారు. పోశయ్య దాన్ని పక్కవాడికి అందించి, పోయినసారి మైకు చేసిన పని చాలని, ఆ ముచ్చట తన నోట ఇక జన్మలో రాదని చెప్పి కూర్చున్నాడు.