తేలిగ్గా తీసుకున్న తాయారు

పెదరేవులో మాటల్ని తేలిగ్గా తీసుకునేవాళ్ళు నేల వదిలి పైకి తేలడం అందరికీ తెలిసిన సంగతే కాబట్టి, నీటిపన్ను సెక్షన్ గుమాస్తా తాయారు ఒక మధ్యాహ్నం కుర్చీ మీంచి జానెడు ఎత్తుకు లేచినప్పుడు ఆఫీసులో ఎవరూ అన్నం తినడం ఆపలేదు. ఫ్యాను స్పీడు తగ్గించమని మాత్రం ఎవరో అన్నారు.

ఆమె లేవడానికి కారణం పక్క సీటు రాజ్యం. ఇద్దరూ ఒకే బడిలో ఒకే బెంచీ మీద కూచుని చదువుకున్నారు. తాయారు తల్లి జబ్బుపడ్డప్పుడు ఆసుపత్రిలో తాయారుతో వంతులేసుకుని కూచున్నది రాజ్యమే. ఆవిడ పోయిన రోజున తాయారుని బతిమాలి, తిట్టి, రెండు ముద్దలు తినిపించిందీ రాజ్యమే. అలాంటి స్నేహితురాలు. ఆ మధ్యాహ్నం తాయారు తెచ్చిన గుత్తివంకాయ కూర అందరూ మెచ్చుకుంటుంటే, రాజ్యం ఓ కాయ నోట్లో వేసుకుని, "దేవుడు న్యాయం చేశాడర్రా. మొహం అలా ఇచ్చాక వంటైనా రాకపోతే మా తాయారు ఏమైపోయేది!" అంది.

అందరూ నవ్వారు. అందరికంటే ముందు తాయారు నవ్వింది. ముందు తనే నవ్వేస్తే మాట లోపలికి దిగదని ఆమె చిన్నప్పుడే కనిపెట్టింది. నవ్వడం అయ్యేసరికి చెప్పులు కిందే ఉన్నాయి గానీ పాదాలు వాటిలో లేవు.

"అయ్యో, సరదాకన్నానే! తేలిగ్గా తీసుకో," అంది రాజ్యం, ఆమె కుచ్చిళ్ళు పట్టుకుని కిందికి లాగుతూ.

తాయారు తీసుకుంది. ఇంకో జానెడు లేచింది.

తేలేవాళ్ళ కోసం ఆ ఊరి మునిసిపాలిటీలో ఒక విభాగం ఉంది. మెట్ల కింద గదిలో జోగినాథం గారని ఒక పెద్దమనిషి దాన్ని చూసుకుంటాడు. తేలే మనిషికి నూలు తాడే కట్టాలి, నైలాను వానల్లో జారుతుంది. కరెంటు తీగల దగ్గర నోరు మూసుకుని ఉండాలి, నవ్వితే ఎగిరి తగులుకునే ప్రమాదం. తాడు రెండో కొస పట్టుకునే మనిషిని పట్టుదారు అంటారు. ఇవన్నీ ఆయన మర్యాదగా వివరించి, "మిమ్మల్ని బాగా నవ్వించేది ఎవరమ్మా?" అని అడిగాడు.

"రాజ్యమండీ."

"అయితే ఆవిడే పట్టుదారు. నవ్వించేవాళ్ళ కంటే దగ్గరివాళ్ళు ఎవరుంటారు చెప్పండి."

తాయారు మొగుడు సూర్యారావు నేను పట్టుకుంటానని గొణిగాడు గానీ, ఆయన ఆమెని ఎప్పుడూ నవ్వించిన దాఖలా లేదు. రాజ్యం మాత్రం కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పడవలవాళ్ళు కొనే కొట్టుకి వెళ్ళి, వేళ్ళతో నలిపి చూసి మంచి తాడు కొంది. తాయారు నడుముకి కట్టేటప్పుడు ఒరుసుకోకుండా లోపల మెత్తటి పాత చీర ముక్క పెట్టింది. ఇంత ప్రేమగా చూసుకునే మనిషి దొరకడం అదృష్టమని అందరూ అన్నారు. తాయారుకీ అలాగే అనిపించింది.

ఇంట్లో కూడా ఇబ్బందేమీ రాలేదు. దూలాల మీద బూజు దులపడానికి స్టూలు అవసరం లేకపోయింది. అటక మీది ఇత్తడి గంగాళాలు ఒక్కతే దింపేది. వంట చేసేటప్పుడు సూర్యారావు ఆమెని రుబ్బురోలుకి కట్టి, పేపరు చదువుకునేవాడు.

పైన బాగానే ఉండేది. ఆ మాట దాచాల్సిన పని లేదు. సాయంత్రం ఆఫీసు అయ్యాక రాజ్యం తాడు పట్టుకుని బజారువెంట నడుస్తుంటే, తాయారు డాబాల పైనుంచి సాగిపోయేది. ఆరబెట్టిన వడియాల వాసన, వాటికి కాపలాగా పడుకున్న ముసలమ్మల గురక, దూరంగా సముద్రం బూడిదరంగు పట్టుచీరలా మడతలు పడుతూ. గాలి చెవుల్లో ఏదో చెబుతున్నట్టే ఉండి ఏమీ చెప్పేది కాదు. ఇంకా చాలామంది ఉండేవారక్కడ. బ్యాంకు మేనేజరుగారి రెండో తమ్ముడు, స్వీట్ల కొట్టువాళ్ళ పెద్దకోడలు, పక్క బడి డ్రిల్లు మాస్టారు. ఎదురైతే చేతులు జోడించేవారు. అందరి మొహాల మీదా ఒకే రకం చిరునవ్వు. కింద ఎవరు ఏమన్నారని ఒకళ్ళనొకళ్ళు అడిగేవారు కాదు. అడగడం అక్కడ మర్యాద కాదు.

రాజ్యం రోజూ ఏదో ఒకటి అనేది. తాయారు నడక మీద, కట్టుకున్న రంగుల మీద, డిపార్టుమెంటు పరీక్ష తప్పడం మీద. "నువ్వు పైన ఉంటేనే నయమే, కింద నుంచి చూస్తే కాస్త సన్నగా కనిపిస్తావు," అనేది. కిందివాళ్ళు నవ్వేవారు, తాయారు నవ్వేది, రాజ్యం చేతిలోని తాడు మూర చొప్పున జారేది. తాడు చాలనప్పుడల్లా రాజ్యం తన సొంత డబ్బుతోనే కొత్త ముక్క కొని ముడేసేది.

ఒకటే చిక్కు. తేలికవుతున్న కొద్దీ తాయారు నుంచి కొన్ని జారిపోతున్నాయి. ముందు గొంతు. ఇంగువ డబ్బా అందివ్వమంటే సూర్యారావుకి సగమే వినపడేది. తరవాత అమ్మ పాట. తాయారు తల్లి బియ్యంలో రాళ్ళేరుతూ ఒక పాట పాడేది. ఇంకెవరికీ రాని పాట, వాళ్ళమ్మమ్మ కట్టుకున్నదట. ఒక సాయంత్రం దీపస్తంభం పక్కన తేలుతూ దాన్ని కూనిరాగం తీయబోతే రెండో చరణం లేదు. మర్నాడు మొదటి చరణంలో సగం లేదు. కిందికి చూస్తే రోడ్డు మీద ఏమీ పడి కనిపించలేదు.

ఆ మాట రాజ్యానికి చెప్పింది. రాజ్యం నిజంగానే కంగారుపడింది. "మా పిల్ల నిశ్చితార్థంలో పాడు. నలుగురిలో పాడితే అదే గుర్తొస్తుంది. అమ్మ పాట లేకుండా నా కూతురి శుభకార్యమేంటే!" అంది.

నిశ్చితార్థం నాడు తాయారు షామియానా గుడ్డకి తల ఆనించి తేలుతోంది. తాడు కొస రాజ్యం మణికట్టుకి గాజుల మధ్య చుట్టి ఉంది. మగపెళ్ళివారు కాఫీలు తాగుతున్నారు. రాజ్యం లేచి నిలబడి అందరినీ కలయజూసింది.

"ఇప్పుడు మా తాయారు వాళ్ళమ్మ పాట పాడుతుంది. కాస్త గుండె దిటవు చేసుకోండి. ఇది ఆసుపత్రిలో రోజూ పాడి వినిపించబట్టే, పాపం, ఆవిడ అంత తొందరగా వెళ్ళిపోయింది!"

షామియానా అంతా నవ్వింది. తాయారు పెదవులు కూడా అలవాటుగా విచ్చుకోబోయాయి. ఆ నవ్వు నవ్వేస్తే గుడ్డ చించుకుని పోతానని, పోయాక పాటలో మిగిలిన ఆ కాస్త ముక్కా ఉండదని ఆమెకి స్పష్టంగా తెలిసింది. నోరు మూసుకుంది. నవ్వులు ఒక్కొక్కటే ఆగేదాకా అలాగే ఉంది.

"ఇందులో నవ్వేముందే, రాజ్యం?" అంది తరవాత. గొంతు సన్నగా వచ్చింది. "నాకు తెలీలేదు. చెప్పు."

"ఏముందీ... సరదాకి..."

"ఏది సరదా? అమ్మ పోవడమా, నేను పాడటమా?"

ఆమె మోకాలెత్తు మేర కిందికి దిగింది. ఎవరో కాఫీ గ్లాసు చప్పుడు కాకుండా కింద పెట్టారు.

"అందరిలో ఏమిటే ఇది," అంది రాజ్యం మెల్లిగా. "తేలిగ్గా తీసుకో."

"తీసుకోను. బాధేసింది నాకు. ఇదొక్కటే కాదు, ఇన్నాళ్ళూ వేసింది. అమ్మ గురించి ఇంకెప్పుడూ అలా అనకు."

అంతే, తాయారు కిందికి వచ్చేసింది. తన బరువు మాత్రమే కాదు, ఇన్నాళ్ళూ తేలిగ్గా తీసుకున్న ప్రతి మాటా దాని దాని బరువుతో సహా వచ్చి ఆమెలో కూచుంది. తివాచీ కింద గచ్చు నెర్రె విచ్చిన చప్పుడు అందరికీ వినపడింది. ఆమె చీర సర్దుకుని, ఆ నెర్రె మీదే కూచుని పాడింది. రెండు చరణాలూ వచ్చాయి. అయ్యాక పెళ్ళికొడుకు పెద్దమ్మ పక్కావిడతో, "బరువు మనిషిలా ఉంది," అంది. రాజ్యం మణికట్టు నుంచి తాడు విప్పుకుంటూ తల ఎత్తలేదు.

జోగినాథం గారు కబురు పెట్టాడు. కోపమేమీ చేసుకోలేదు.

"ఎందుకు దిగారమ్మా? పైన ఏమన్నా ఇబ్బందా?"

"పైన కాదండీ. కిందే."

"కింద ఇబ్బంది లేనిదే పైకెవరు వెళ్తారు తల్లీ," అన్నాడు ఆయన, అది ఆ విభాగంలో అందరికీ తెలిసిన విషయమే అన్నట్టు. ఇకమీదట ఎవరింటికైనా వెళ్ళేటప్పుడు ముందుగా కబురు పంపాలని, వాళ్ళు గచ్చు గట్టి చేయించుకునే వీలుంటుందని చెప్పి, తాడు ఆఫీసుకి జమ చేసుకున్నాడు.

కబుర్లు పంపితే పిలుపులు తగ్గాయి. ఇంట్లో పెళ్ళీడుకొచ్చిన కూతురుంది కాబట్టి సూర్యారావు ఒకటి రెండుసార్లు, "మన పిల్ల పెళ్ళి అయ్యేదాకా కాస్త తేలిగ్గా ఉండరాదూ? ఆ తరవాత నీ ఇష్టం," అన్నాడు. ఆఫీసులో రాజ్యం పక్క సీట్లోనే కూచునేది. టిఫిను డబ్బా మూత తీసేది, మూసేది. ఏ మాటైనా మొదలుపెడితే చివర్న జోకు తప్ప ఇంకేదీ రాదని ఆమె భయపడుతున్నట్టుండేది. తాయారు అమ్మ పాట రోజూ మనసులో పాడుకునేది, ఒక్క మాట పోలేదు. కానీ దాన్ని ఎవరికి వినిపించాలో తెలిసేది కాదు. ఆసుపత్రి వరండాలో తన భుజం మీద తల పెట్టి ఆ పాట విన్నది ఒక్క రాజ్యమే.

కార్తీకమాసంలో ఆఫీసువాళ్ళు సముద్రం ఒడ్డున జీడిమామిడి తోటలో వనభోజనాలు పెట్టారు. తేలేవాళ్ళని కొమ్మలకి కట్టారు. వాళ్ళ పాదాలు ఆకుల మధ్య ఊగుతున్నాయి, మడమలు పగిలి ఉన్నాయి, ఆ సంగతి వాళ్ళకి తెలిసినట్టు లేదు. బరువు మనుషులకి వేరే బంతి, ఇసకలో. అందులో తాయారు ఒక్కతే. వడ్డన ఆమె దాకా వచ్చేసరికి పులిహోర అయిపోయింది.

రాజ్యం తన విస్తరాకు పట్టుకుని వచ్చి పక్కన కూచుంది. సగం పులిహోర తీసి తాయారు ఆకులో పెట్టింది.

"నీ గొంతు బావుంటుందే," అంది రాజ్యం. "చిన్నప్పటి నుంచీ బావుంటుంది. నాకెప్పుడూ కుళ్ళే."

తాయారు ఆమె వైపు తిరిగింది. ఏదో చెప్పబోయింది. ఈలోగా కొమ్మల మీదివాళ్ళు, బంతిలోవాళ్ళు అందరూ తమవైపే చూస్తున్నారని రాజ్యం గమనించింది. గబుక్కున గొంతు పెంచి, "కాకపోతే ఇక్కడ పాడకే తల్లీ, సముద్రం వెనక్కి పోతుంది!" అంది.

చెట్లన్నీ నవ్వాయి. తాయారు స్నేహితురాలి మొహం చూసింది. కళ్ళు భయంగా, బతిమాలుతున్నట్టు ఉన్నాయి. ఇది పెద్ద మాటేం కాదు. అమ్మ గురించి కాదు. పైగా పులిహోర పెట్టింది.

తాయారు చిన్నగా నవ్వింది.

ఆమె మడమ ఇసక నుంచి విస్తరాకు మందాన లేచింది. ఆ మాత్రం పరవాలేదనుకుంది. రాజ్యం అటు చూడకుండానే చెయ్యి చాపి, ఆమె పమిట చెంగు పట్టుకుని, వేలికి ఒక చుట్టు చుట్టుకుని, పులిహోర తినడం మొదలుపెట్టింది.