చిల్లులతో చేసిన ఛాసీ

రిమోటుతో నడిచే కారుకి ఛాసీ చేస్తూ ఫణికుమార్ ఆఖరి చిల్లు వేసేసరికి అందులో టైటానియం మిగల్లేదు, ఛాసీ మాత్రం మిగిలింది.

ఆటోనగర్‌లో దీన్నెవరూ వింతగా చెప్పుకోలేదు. పందెపు కారు బరువు తగ్గాలంటే భాగాలన్నిటినీ మోసే ఛాసీకి చిల్లులు వెయ్యాలి. చిల్లుకీ చిల్లుకీ మధ్య ఉన్నదీ బరువే కనక అక్కడా వెయ్యాలి. సగంలో ఆపేవాళ్ళే ఎక్కువ. ఫణికుమార్ ఆపలేదు, అంతే తేడా.

అతను డ్రిల్లు వేస్తున్నంతసేపూ భార్య మృణాళిని పక్కనే నిలబడి, దోసెలకి నూనె చల్లే ప్లాస్టిక్ సీసాతో డ్రిల్లు బిట్టు మీద నీళ్ళు పోసింది. టైటానియం వేడెక్కితే బిట్టు మొండిబారుతుంది. లైబ్రరీ సైన్సు చదివిన ఆమెకి ఈ సంగతి పెళ్ళయ్యాకే తెలిసింది.

సోమవారం ఆమె ఒక కాలేజీ లైబ్రరీలో ఒంటిపూట ఉద్యోగంలో చేరాలి. ఛాసీ పందెపు పరీక్షలో పాసైతే చేరమన్నాడు ఫణికుమార్. అందుకని అది పాసవ్వాలని అతని కంటే ఆమే ఎక్కువ కోరుకుంది.

ఆదివారం పొద్దున్న రిమోట్ కార్ల సంఘం తరఫున పరీక్ష చెయ్యడానికి కపర్ది గారు షెడ్డుకి వచ్చారు. ఫణికుమార్ అరచేతులు చాపి ఛాసీని సంఘం వారి తూకం మిషను మీద పెట్టాడు. సున్నా. మోటారూ బ్యాటరీ చక్రాలూ బిగించాడు. అవి ఎక్కడివక్కడ గాలిలో కదలకుండా నిలిచాయి. కపర్ది గారు ఇటుక మీద ఇటుక పేర్చారు. వంగలేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళు ముందుకి తోసుకొచ్చారు. మృణాళిని కింద నుంచి చెయ్యి పోనిచ్చి చూసింది. వేళ్ళకి ఏమీ తగల్లేదు, ఇటుకలు మాత్రం పైనే ఉన్నాయి.

"ఇది టైటానియమే అనడానికి రుజువేంటండీ?" అన్నారు కపర్ది గారు.

ఫణికుమార్ పచ్చడి జాడీ మూత తీసి లోపలి రజను చూపించాడు. "తీసిందంతా ఇదుగోనండి."

"మొత్తం తీసేశారా?"

"మొత్తమండి."

"పని శుభ్రంగా ఉంది." ఆయన 'పాస్' అన్న స్టిక్కరు తీసి ఛాసీకి అంటించారు. అది గాలిలో అంటుకుంది. "ఒక్కటి గుర్తుంచుకోండి. పాసయ్యాక దీనికి కొత్తగా ఏదీ తగిలించకూడదు. తగిలిస్తే రద్దు."

అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే ముందు మృణాళినే కొట్టింది.

కపర్ది గారిని ఫణికుమార్ టిఫినుకి ఇంటికి తీసుకొచ్చాడు. ఉప్మా వడ్డించి మృణాళిని అడిగింది, "ఏవండీ, మరి రేపు నేను వెళ్ళనా?"

"వెళ్దువుగానిలే. ఇంటి బరువు నీ మీద ఆగుతుందో లేదో ఒకసారి చూడనీ. సారు ఎలాగూ ఉన్నారు."

కపర్ది గారు చెయ్యి కడుక్కొచ్చి తూకం మిషను నేల మీద పెట్టారు. అత్తగారి మందులూ పిల్లల క్యారేజీలూ గ్యాసు బండ బుకింగూ వచ్చే నెల పెళ్ళిళ్ళకి పెట్టాల్సిన చీరలూ అన్నీ ఎత్తుకుని మృణాళిని దాని మీద నిలబడింది. సున్నా.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. ఆయన గొంతు గౌరవంగా తగ్గింది. "ఏమేం తీశారమ్మా?"

"మొదట నాలోంచి పాట తీసేశానండి. తరవాత మధ్యాహ్నం కునుకు. స్నేహితురాళ్ళు. ఈ ఇంట్లో ఎవరూ తినరని కాకరకాయ. అడ్డు చెప్పడం చివర్లో తీశానండి, అది కాస్త గట్టిగా ఉంది."

"తీసినవి జాడీలో దాచారా?"

"లేదండి. ఎవరైనా అడుగుతారనుకోలేదు."

"ఫరవాలేదు. ఇంత పని చేశాక రుజువెందుకు." ఆయన ఆమె భుజం ఉండాల్సిన చోట స్టిక్కరు అంటించారు.

"మరి ఉద్యోగమండీ?"

కపర్ది గారు నిజంగానే నొచ్చుకున్నారు. "పాసైపోయారు కదమ్మా."

నిబంధన ఆమెకి తెలుసు. ఆమే చప్పట్లు కొట్టింది. తూకం మీద నుంచి దిగింది. మిషను ముల్లు కదల్లేదు.

స్టిక్కరు గాలిలో తేలుతూ వంటింట్లోకి వెళ్ళింది. ఛాసీని చూసినంత భక్తిగా ఫణికుమార్ దాని వంకే చూస్తూ నిలబడ్డాడు. లోపల గ్యాసు లైటరు చప్పుడైంది. కాసేపటికి కాఫీ వచ్చింది. ఎవరి గ్లాసులో చక్కెర వాళ్ళకి సరిగ్గా సరిపోయింది.