అన్నం తిన్న రెండు గంటలకు

షుగరు జబ్బంత గొప్ప భాగ్యం ఇంకొకటి లేదు! లేనివాళ్ళు వెంటనే తెచ్చుకోండి.

నవ్వకండి. డెబ్బై నాలుగేళ్ళు బతికాను. నా పుట్టినరోజెప్పుడో ఈ సింగానల్లూరులో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడో? నిన్న అన్నం తిన్న రెండు గంటలకు నా షుగరెంతో పాలాయనకు తెలుసు, ఇస్త్రీ బండి సెల్లాయికి తెలుసు. "నూటతొంబయ్యంట కదక్కా! మామిడిపండు తినేసినావా?" అని వీధి చివరినుంచే కేకేస్తుంది. ఇంత కీర్తి మా కౌన్సిలరుకైనా ఉందా?

క్రమశిక్షణ సంగతి చెప్పనే అక్కర్లేదు. డాక్టరిచ్చిన కాగితాన్ని నాలుగుసార్లు కూడబలుక్కుని చదివాను. ముందు కూర, తర్వాత పప్పు, ఆఖరున అన్నం! గిన్నెడు బీన్స్ పొరియల్ నమిలేసరికి దవడలు నొప్పి పుట్టి, అన్నం మీద ఆశే చస్తుంది. మునులు అడవులకు పోయి వెతుక్కున్న వైరాగ్యం ఇదే కదా!

అన్నిటికన్నా పెద్ద మేలు వేరే ఉంది. షుగరు పుణ్యమా అని మా ఇంట్లో వీడ్కోళ్ళే లేకుండా పోయాయి.

మా ఇంటి అలవాటొకటి. ఊరికి బయలుదేరేవాళ్ళు గడప దగ్గర బెల్లంముక్క సగం కొరికి, మిగతా సగం ఇంటి పెద్దకివ్వాలి. పెద్ద తింటేనే పోయినవాళ్ళు తిరిగొస్తారు. మా చెల్లెలు కృష్ణమ్మాళ్ బస్సు తప్పిపోతుందని కొరక్కుండానే పెరియకుళం వెళ్ళింది. నెల తిరక్కుండా ఆమె పోయిన కబురొచ్చింది. అప్పటినుంచి ఎవరు ఈ పక్కనున్న అన్నూరు దాకా వెళ్ళినా నేను బెల్లం తిన్నాను. షుగరు ఊరికే వచ్చిందా మరి!

మొన్న ఆదివారం మనవరాలు చారులత నర్సు ఉద్యోగానికి మదురై వెళ్ళాలి. సాయంత్రం బస్సన్నారు. మధ్యాహ్నం నా చెయ్యి కడగడమే ఆలస్యం, కోడలు వినోదిని, "అత్తా, మేడమీద పదిహేను నిమిషాలు నడిచి రండి, సక్కర దిగుతుంది" అంది. నడిచాను. కిందికొచ్చేసరికి చారు పెట్టె లేదు, చెప్పులు లేవు.

"ఏల చెప్పలేదే నాకు?"

"చెప్తే మీరు బెల్లం తినకుండా ఉందురా అత్తా? అవ్వకి సక్కర ఎక్కిపోతుంది, చెప్పొద్దని చారునే అనింది. ఏడ్చుకుంటానే ఆటో ఎక్కింది."

చూశారా, ఎంత ప్రేమో!

రెండు గంటలు కాగానే వేలు పొడిచారు. నూటఇరవయ్యారు! ఇంటిల్లిపాదీ చప్పట్లు. మీటరును ఫోటో తీసి చారుకు పంపితే, బస్సులోంచి బొటనవేలి బొమ్మ పంపింది. అంత చక్కని నంబరు నాకెప్పుడూ రాలేదు. గుండెదడ మాత్రం ఇవాళ్టికీ తగ్గలేదు. దానికి మీటరు లేదు కాబట్టి ఎవరూ అడగలేదు.

కనుక పాఠకులారా, తిన్నాక తప్పకుండా నడవండి. ఎంతసేపు నడవాలో డాక్టర్లు చెబుతారుగాని ఎక్కడ నడవాలో చెప్పరు. అది నేను చెబుతాను.

గేటుకడ్డంగా నడవండి.