నల్లబడ్డ ఫైర్ స్టేషన్

డిసెంబరు వచ్చిందంటే ఫ్రాన్సులోని ప్లూవెర్న్ ఊళ్ళో ఫైర్‌మన్లు ఇంటింటికీ తిరిగి కేలండర్లు అమ్ముతారు. ఆ శనివారం పొద్దున్నే కాఫీ తాగి, బూట్లు తుడుచుకుని గాయెటాన్ అందుకే బయలుదేరాడు. అది అతను ఆ ఊరి దళానికి కెప్టెన్ అయ్యాక వచ్చిన మొదటి కేలండరు. పైగా అట్టమీది ఫోటో తీసింది స్వయానా అత్తగారు మోరిసెట్. పెళ్ళయిన నాటి నుంచీ అల్లుణ్ణి ఒక్కసారీ మెచ్చుకోని ఆవిడను ఈ దెబ్బతోనైనా మంచి చేసుకోవాలని పాపం అతని ఆశ.

ఫోటోలో దళమంతా కొత్త గాజు గోడల స్టేషను ముందు నవ్వుతూ నిలబడింది. దాన్ని అచ్చుకు పంపేముందు, దళంలో అన్నీ తనకే తెలుసనుకునే ఫిర్మాన్ అడ్డుపడ్డాడు.

"కెప్టెన్, ఈ బిల్డింగు గీసిన పారిస్ ఆర్కిటెక్టు బతికే ఉన్నాడు. ఆయన ఒప్పుకోకుండా దీని ఫోటో అమ్మితే కోర్టుకెక్కాల్సిందే."

"మన స్టేషను ముందు మనం ఫోటో దిగకూడదా?"

"దిగొచ్చు. అమ్మకూడదు."

ఆర్కిటెక్టుకు ఒక ఫోను కొడదామన్న ఆలోచన ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు. ఫోటోలో మనుషుల్ని వదిలేసి స్టేషను మొత్తానికి నల్లరంగు పూసి అచ్చు వేయించారు.

మొదటి ఇంట్లో ముసలి మదాం కెరుయెల్ అట్ట చూసి గుండె మీద చెయ్యేసుకుంది.

"అయ్యో నాయనా! స్టేషనంతా బొగ్గయిపోయిందా! అయినా ఎలా నవ్వుతున్నారో చూడు, ఏం గుండె ధైర్యం!"

"కాలలేదండీ, అది హక్కుల గొడవ..."

"నా దగ్గర దాస్తావెందుకయ్యా? పరువు తక్కువేం కాదులే." అంటూ రెండు కంబళ్ళు అతని చేతుల్లో పెట్టింది.

మధ్యాహ్నానికి ఆ మాట ఊరంతా పాకి, స్టేషను గుమ్మం ముందు పాత పరుపులు, సూపు గిన్నెలు పోగయ్యాయి. తెచ్చినవాళ్ళు స్టేషను నిక్షేపంగా ఉండటం చూసి కూడా, ఎంత త్వరగా కట్టేశారో అని మెచ్చుకున్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటులా పక్క ఊరి దళం సైరన్ మోగించుకుంటూ వచ్చింది. "మంటలార్పేవాళ్ళ కొంపే అంటుకుందటగా!" అని పడీపడీ నవ్వారు. గాయెటాన్‌కు తల కొట్టేసినట్టయింది.

సాయంత్రానికి, తన బిల్డింగు కాలిపోయిందని విన్న ఆర్కిటెక్టే ఏడుస్తూ కారు దిగాడు. గాజు గోడలు తళతళలాడుతుంటే వాటిని తడిమి తడిమి చూసుకున్నాడు. అసలు సంగతి విని నుదురు కొట్టుకున్నాడు.

"ఒక్క మాట అడిగితే సంతోషంగా ఒప్పుకునేవాణ్ణి కదయ్యా! ఇదిగో, ఇప్పుడే ఒప్పుకుంటున్నా. ముందా నలుపు తీసెయ్యండి!"

గాయెటాన్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. అప్పుడే జనాన్ని తోసుకుంటూ మోరిసెట్ వచ్చింది, చేతిలో కేలండరుతో.

"ఆయన ఒప్పుకున్నాడు, బాగుంది. నా ఫోటోని మసిపూసి మారేడుకాయ చెయ్యడానికి నన్నెవరడిగారు అల్లుడూ?"

"అత్తగారూ, మనలో మనకి..."

"భోజనాల బల్ల దగ్గర మనలో మనమే. ఫోటో మాత్రం నాది."

గాయెటాన్ దీనంగా ఆర్కిటెక్టు వంక చూశాడు.

"చట్టం ఆవిడ వైపే ఉందయ్యా," అన్నాడాయన గంభీరంగా. ఫిర్మాన్ అప్పటికే పరుపుల వెనక్కి జారుకున్నాడు.

మరుసటి ఏడు ప్లూవెర్న్ కేలండరులో బొమ్మలేమీ లేవు. తేదీలు మాత్రమే ఉన్నాయి. అవి మావేనంటూ ఇంతవరకూ ఎవరూ రాలేదు.