నిలబడినవారి జాబితా

సుల్తానుగారి ఉత్తరం కొండెక్కి వస్తోందని తెలియగానే కాయిద్ బుష్తాగారు పదకొండు ఫిరంగులు పేల్చమన్నారు. అట్లాస్ కొండల్లోని ఆ సీమకు సుల్తాను తరఫున సర్వాధికారి ఆయనే. కోటలో ఉన్నవి రెండే ఫిరంగులు. మిగతా తొమ్మిదీ జనం నోటితో పేల్చారు.

బుష్తాగారు ఉత్తరాన్ని మూడుసార్లు ముద్దుపెట్టుకుని, నెత్తిన పెట్టుకుని, గుమాస్తా అల్లాల్ చేత చదివించారు.

"కనుమలో శత్రువును ఆపి చివరిదాకా నిలబడిన నా నలభైమంది సింహాలకు తలా ఒక నీటి పొలం, ఒక కంచరగాడిద. పేర్లు రాసి పంపు."

జనంలో ఉన్న ఇష్షూకి కళ్ళు చెమ్మగిల్లాయి. అతని ఎడమచెయ్యి పోయింది ఆ కనుమలోనే. ఇంటికెళ్ళి భార్య తూదాతో, "ఈ ఏడు మన బార్లీ మన పొలంలోనే" అన్నాడు.

మర్నాడు కోటకు వెళ్ళాడు.

"నిలబడినవాళ్ళకి అని రాశారు ప్రభువులు," అన్నారు బుష్తాగారు ఎంతో బాధగా. "నిన్ను మోసుకొచ్చారు కదయ్యా?"

"చెయ్యి తెగింది దొరా."

"చెయ్యి తెగితే కాళ్ళకేమైంది?"

న్యాయం అందరికీ ఒకటే. చచ్చినవాళ్ళు పడిపోయారు కనుక వాళ్ళ పేర్లూ రాయలేదు. ఇష్షూని మోసుకొచ్చినవాళ్ళు నిలబడకుండా నడిచొచ్చారు కనుక వాళ్ళవీ రాయలేదు. బుష్తాగారి అల్లుడు, మేనల్లుళ్ళు, మంగలి, వంటవాడు మాత్రం యుద్ధం జరిగిన మూడు రోజులూ కోటలో గట్టిగా నిలబడే ఉన్నారు. వాళ్ళతోనే నలభై పేర్లూ నిండాయి. జాబితాకు ముద్ర పడింది, రాజధానికి వెళ్ళింది. పొలాలు వచ్చాయి.

మూడు నెలలకు రెండో ఉత్తరం వచ్చింది. ఈసారి ఫిరంగులు లేవు.

"దక్షిణాన తిరుగుబాటు. నా నలభైమంది సింహాలూ జాబితాలో ఉన్న వరసలోనే శుక్రవారానికి బయలుదేరాలి."

సాయంత్రానికి బుష్తాగారు స్వయంగా ఇష్షూ గుమ్మంలోకొచ్చారు. వెనకాల ఒక కంచరగాడిద.

"తమ్ముడూ, నీకు అన్యాయం జరిగిందని నాకు నిద్రపట్టడం లేదు. మా పెద్ద మేనల్లుడి పేరు మీద నువ్వెళ్ళు. వాడి పొలం నీది."

ఇష్షూ గాడిద వంక చూశాడు. మంచి గాడిద. పొలమూ మంచిదే, కాలవ పక్కది.

తూదా వాకిట్లోకి వచ్చింది. "రెండో చెయ్యి కూడా కావాలా దొరా? అది నాకు కట్టెలు కొట్టిపెడుతోంది."

గాడిద వచ్చిన దారినే వెళ్ళింది.

శుక్రవారం డప్పులు మోగుతుండగా సింహాలు బయలుదేరాయి. ఇష్షూ కూడా చూడటానికి వెళ్ళాడు. పెద్ద మేనల్లుడు వరసలోంచి పరిగెత్తుకొచ్చి అతని చొక్కా పట్టుకున్నాడు. పాతికేళ్ళుంటాయి, పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"బాబాయ్, ఈ తుపాకీలో మందు ఎటునుంచి కూరాలి?"

ఇష్షూ అతని చేతిలోని తుపాకీని సరిగ్గా తిప్పి పట్టించాడు.

"అది తర్వాత. ముందు పరిగెత్తడం నేర్చుకో నాయనా. మాకు అది రాకే గెలిచాం."