విదేశీ కోచ్‌కి మామగారు

మంగళవారం ఉదయం విజిల్ మాస్టారు పెట్టుకున్న పని చాలా చిన్నది. పదింటికి ఫుట్‌బాల్ క్లబ్‌కి వెళ్ళడం, వచ్చే ఏడాది ఒప్పందం మీద ఛైర్మన్ చేత సంతకం పెట్టించుకోవడం, భోజనం వేళకి ఇల్లు చేరడం. పదకొండేళ్ళుగా ఆ క్లబ్‌కి ఆయనే కోచ్ కనుక పదకొండుసార్లు ఈ పని ఏ గొడవా లేకుండా జరిగిపోయింది. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటుండగా వంటింట్లోంచి ధడేల్మని చప్పుడైంది.

"ఏవండీ, అల్లుడుగారిని కూడా మీతో తీసుకెళ్ళండి. గుమ్మానికి తల కొట్టుకోవడం పొద్దుట్నుంచీ ఇది మూడోసారి. ఇల్లు చూస్తే చిన్నదాయె, మనిషి చూస్తే ఆరున్నర అడుగులాయె" అంది భార్య.

అల్లుడు విదేశీయుడు. మాస్టారి కూతురు ఉద్యోగం చేసే ఊళ్ళో పళ్ళ డాక్టరు. రెండు వారాల సెలవు మీద భార్యతో అత్తారింటికి వచ్చాడు. మొక్కజొన్న పీచు లాంటి జుట్టు, ఎండకి ఎర్రబడ్డ ముక్కు, ఎవరేమన్నా చిరునవ్వు. ఫుట్‌బాల్ గురించి అతనికి తెలిసిందల్లా బంతి గుండ్రంగా ఉంటుందని. తెలుగు అత్తగారి పక్కన కూర్చుని నేర్చుకున్నాడు గనక "చాలు", "ఇంకొంచెం", "మెల్లిగా" అనే ముక్కలు ముద్దుగా పలుకుతాడు. ఏం చేస్తుంటావని ఎవరైనా అడిగితే చెప్పడానికి భార్య ఒక వాక్యం కూడా బట్టీ పట్టించింది.

ఇక ఛైర్మన్. ఆయనకి టైల్స్ దుకాణం ఉంది. పక్కవీధి బట్టీలో కాల్చిన పలకల మీద దూరదేశం పేరున్న కాగితం అంటించి అమ్ముతాడు. బయటినుంచి వచ్చిందేదైనా మేలైనదేనని ముందు జనాన్ని నమ్మించి, చెప్పగా చెప్పగా చివరికి తనే నమ్మేశాడు. ఆ రోజు కమిటీ అంతా కొత్త కుర్చీలు వేసుకుని ఆయన గదిలో ఎదురుచూస్తోంది. ఎవరికోసమో మాస్టారికి తెలియదు.

మాస్టారి వెనకాల అల్లుడు తలవంచి గుమ్మం దాటగానే కమిటీ మొత్తం లేచి నిలబడింది. ఛైర్మన్ అయితే బల్ల చుట్టూ పరుగెత్తుకొచ్చి అల్లుడి చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"రండి సార్, రండి! మాస్టారూ, మీరే స్వయంగా తీసుకొచ్చారా? ఎంత పెద్ద మనసండీ మీది! మిమ్మల్ని తీసేసి ఈయన్ని పెట్టుకుంటున్నామని తెలిసి కూడా..."

తన ఉద్యోగం పోయిన సంగతి మాస్టారికి తెలిసింది అలాగ. ఆయన ఛైర్మన్ వైపు తిరిగి, "ఈయన మా అల్లుడండీ" అన్నారు.

"అంతేగా మరి! ఇకనుంచి మనందరికీ అల్లుడే. ఆ మర్యాదకేం లోటు రానివ్వం" అన్నాడు ఛైర్మన్.

"అది కాదండీ, నిజంగానే..."

"మీరుండండి మాస్టారూ. సార్, తమరి పద్ధతి ఏమిటో మా కమిటీకి ఒక్క ముక్కలో చెప్పండి."

ఏం చేస్తుంటావని అడుగుతున్నారనుకున్నాడు అల్లుడు. భార్య నేర్పిన వాక్యాన్ని గుర్తు తెచ్చుకుని, చిరునవ్వు చెదరకుండా, "నేను పళ్ళు పీకుతాను" అన్నాడు.

గది దద్దరిల్లేలా చప్పట్లు మోగాయి. "విన్నారా! ఎదుటి జట్టు పళ్ళు పీకేస్తాట్ట! పదకొండేళ్ళలో మీరు ఒక్కసారైనా ఇలాంటి మాట అన్నారా?" అన్నాడు ఛైర్మన్ మాస్టారి వైపు తిరిగి.

అసలు రావలసిన విదేశీ కోచ్ ఇంతకన్నా మంచి క్లబ్ తగిలి మధ్యదారిలోనే దిగిపోయాడు. ఆ మాట చెప్పడానికి ఏజెంటు ఫోన్ చేస్తే, "మా కోచ్ ఇక్కడ నా ఎదురుగా కూర్చుని ఉంటే రాడంటావేంటయ్యా?" అని ఛైర్మన్ పెట్టేశాడు. సాయంత్రానికల్లా అల్లుడి ఫొటో ఊరంతా తిరిగింది. మాస్టారికి కూడా ఒక పదవి దక్కింది. కోచ్‌గారి మాటలు ఆటగాళ్ళకి తెలుగులో చెప్పే సహాయకుడు.

ఇంట్లో కూతురు పొట్ట పట్టుకుని నవ్వింది. అల్లుడు మాత్రం నవ్వలేదు. రేపే వెళ్ళి నిజం చెప్పేస్తానని మామగారితో ఇంగ్లీషులో అన్నాడు.

"చెప్తే వీళ్ళు ఇంకో దొరని తెచ్చుకుంటారు బాబూ, నన్ను పిలవరు. మిగిలినవి రెండే మ్యాచ్‌లు. రెండూ గెలవకపోతే కింది డివిజన్‌కి పోతాం. వద్దు మొర్రో అంటున్నా వినకుండా మంచి ఆటగాళ్ళిద్దర్ని అమ్ముకున్నాడు ఆ ఛైర్మన్. మిగిలినవాళ్ళు షెడ్లలో పగలంతా పనిచేసి వచ్చి ఆడేవాళ్ళు. వాళ్ళ మొహం చూసైనా ఈ రెండు వారాలూ నిలబడు" అన్నారు మాస్టారు. అల్లుడు సరేనన్నాడు.

మర్నాడు మైదానంలో అడుగుపెట్టగానే అల్లుడి కాలు గుంటలో పడి మడత పడింది. ఆ గుంట గురించి మాస్టారు ఏడేళ్ళలో పద్నాలుగు ఉత్తరాలు రాశారు. అల్లుడు "అబ్బా" అన్నాడంతే. మధ్యాహ్నానికల్లా రోలర్ వచ్చి మైదానం చదును చేసింది. చిరిగిన గోల్ వలని అతను వేలితో తాకి చూస్తే కొత్త వల వచ్చింది. గోల్‌కీపర్ చెంప వాచి ఉంటే నోరు తెరిపించి చూసి, మాస్టారికి తెలిసిన పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి పిప్పిపన్ను పీకాడు. నెల్లాళ్ళుగా నిద్రలేని ఆ గోల్‌కీపర్ మర్నాడు చిరుతలా దూకాడు. "ఆటగాడి పంటి దాకా పట్టించుకునే కోచ్!" అని పత్రిక రాసింది. అదొక్కటే ఆ పత్రిక రాసిన నిజం.

మిగతా పనంతా మాస్టారిదే. ఎడమవైపు బ్యాక్‌ని ముందుకు జరిపారు, మధ్యలో ఒక మనిషిని పెంచారు. అయితే ఆయన నోరు విప్పినప్పుడల్లా గట్టుమీద కుర్చీలోంచి ఛైర్మన్ అరిచేవాడు. "మాస్టారూ, మీ సొంత పైత్యం కలపకండి! సార్ ఏం చెప్పారో అదే చెప్పండి!"

సార్ ఏమీ చెప్పలేదు. అందుకని మాస్టారు ఒక ఏర్పాటు చేశారు. తను ముందు అల్లుడి చెవిలో చెప్తారు, అల్లుడు చెయ్యి ఊపుతూ "మెల్లిగా... ఇంకొంచెం... చాలు" అంటాడు, ఆ తర్వాత మాస్టారు అనువదిస్తారు. ఆ మూడు మాటల్లోంచి పావుగంట వ్యూహం బయటికి రావడం చూసి ఛైర్మన్ పరవశించిపోయాడు. "ఎంత క్లుప్తత! మనవాళ్ళయితే గంటలు గంటలు వాగుతారు" అన్నాడు కమిటీతో.

మొదటి మ్యాచ్ గెలిచారు. రెండోదాంట్లో సగం ఆటకి ఒక గోల్ వెనకబడితే, విరామంలో మాస్టారు గోడకి సుద్దముక్కతో బొమ్మ గీసి ఇద్దరి స్థానాలు మార్చారు. రెండు గోల్స్ కొట్టి గట్టెక్కారు. ఆటగాళ్ళు మాస్టారిని భుజాలకెత్తుకోబోతుంటే కమిటీవాళ్ళు అడ్డుపడి, "ఆయన్ని కాదర్రా, ఆయన్ని!" అని అల్లుణ్ణి చూపించారు. ఆరున్నర అడుగుల మనిషి ఎవరి భుజాలకీ అందలేదు.

అభినందన సభలో అల్లుడు మైకు అందుకున్నాడు. ముందురోజంతా కూర్చుని అభ్యాసం చేసిన మాటలు ఒక్కొక్కటే పలికాడు.

"నేను కోచ్ కాదు. నేను పళ్ళ డాక్టర్ని. కోచ్ మా మామయ్య. గెలిపించింది ఆయనే. మీరు ఆయనకి అన్యాయం చేశారు."

పదకొండేళ్ళలో ఆ మాట ఒక వేదిక మీద ఎవరూ అనలేదు. మాస్టారి కళ్ళు చెమర్చాయి. మొదటి వరసలో భార్య చేతిరుమాలు తీసింది.

ఛైర్మన్ నెమ్మదిగా లేచాడు. లేచి చప్పట్లు కొట్టాడు. "ఎంత వినయం! గెలుపంతా తనదై ఉండి, సహాయకుడికి కట్టబెట్టాడు చూడండి! పైగా పళ్ళ డాక్టర్నంటూ చమత్కారం! మాస్టారూ, నేర్చుకోండి, నేర్చుకోండి!"

జనం నిలబడి చప్పట్లు కొట్టారు. అల్లుడు నిస్సహాయంగా మామగారి వైపు చూశాడు. మాస్టారు కూడా, చేసేదేమీ లేక, రెండు చప్పట్లు కొట్టారు.

సెలవు అయిపోయి అల్లుడు తిరిగి వెళ్ళిపోయాడు. బంగారంలాంటి కోచ్‌ని మాస్టారే పొగబెట్టి పంపించేశాడని కమిటీ తేల్చి, ఆయన్ని ఒక్క వాక్యం ఉత్తరంతో ఇంటికి పంపింది. నెల తిరక్కుండానే అల్లుడి ఊరినుంచి ఫోన్ వచ్చింది. అక్కడి క్లబ్‌వాళ్ళు సొంత కోచ్‌తో విసిగిపోయి, బయటి దేశంవాడెవరైనా దొరుకుతాడా అని వెతుకుతున్నారట. పళ్ళు చూపించుకోడానికి వచ్చిన వాళ్ళ అధ్యక్షుడికి అల్లుడు మాస్టారి ముచ్చట్లు చెప్పాడట. అధ్యక్షుడు నోరు తెరిచే ఉండడంవల్ల అడ్డు చెప్పలేకపోయాడు.

మాస్టారు భార్యతో సహా వెళ్ళారు. అక్కడ ఆయన దగ్గితే రాసుకున్నారు, తుమ్మితే కారణం ఆలోచించారు. సహాయకుడిగా ఒక బట్టతల పెద్దాయన్ని ఇచ్చారు. పందొమ్మిదేళ్ళు అదే క్లబ్‌కి కోచ్‌గా చేసి, మొన్ననే పదవి పోగొట్టుకున్న మనిషి. వారం రోజులు మాస్టారి మాటలు విన్నాక, ఒక మధ్యాహ్నం అల్లుడి ద్వారా ఒక సంగతి చెప్పాడాయన. "మీరు చెప్పేదంతా పందొమ్మిదేళ్ళుగా నేను చెప్తున్నదే. తేడా ఏంటంటే, మీరు చెప్తే వీళ్ళు వింటున్నారు."

మాస్టారికి ఆ రోజు అన్నం సయించలేదు. మర్నాడు మైదానం గట్టున కూర్చుని, పదవి వదిలేద్దామా అని కూడా అనుకున్నారు. అలా ఆలోచిస్తుండగానే, సొంత ఊరినుంచి ఛైర్మన్ ఫోన్ చేశాడు.

"మాస్టారూ, జట్టు మళ్ళీ అడుక్కి పోయింది. మీరు అక్కడున్నారు కదా, ఒక విదేశీ కోచ్‌ని చూసిపెట్టండి. మనవాళ్ళు మాత్రం వద్దు."

మాస్టారు మైదానంలో ఒంటరిగా బంతులు ఏరుకుంటున్న పెద్దాయన వైపు చూశారు. "ఒకాయన ఉన్నారండీ. పనిమంతుడు. ఇక్కడ మాత్రం ఆయన్నెవరూ పట్టించుకోరు."

"పట్టించుకోరా? ఎందుకని?"

"ఈ ఊరివాడని."

అవతలివైపు ఛైర్మన్ భగ్గుమన్నాడు. "ఛీ! ఏం మనుషులండీ వాళ్ళు! ఇంట్లోవాడి విలువ తెలీని క్లబ్బూ ఒక క్లబ్బేనా!"

మాస్టారు ఫోన్‌ని చెవికి కాస్త దూరంగా జరిపి, "మీరన్నది నిజమేనండీ" అన్నారు.