డ్రమ్ము చాటు మూల్యాంకనం

మొదట తుపాకుల మోత వినిపించింది. తర్వాత ఎక్కడో బాంబు పేలింది. ఆ తర్వాత సన్నగా, బెరుగ్గా, "అమ్మో!" అని ఒక గొంతు వినిపించింది.

ప్రజాస్ఫూర్తి మంత్రిత్వ శాఖ మూడో అంతస్తు వరండాలో టీ గ్లాసులు మోసుకుపోతున్న అటెండరు ఒక్క క్షణం ఆగి, మూసి ఉన్న తలుపు వైపు చూసి, "మూల్యాంకనం మొదలైనట్టుంది" అనుకుని ముందుకు సాగిపోయాడు.

తలుపు వెనక, "మన సిపాయి" అనే జాతీయ యుద్ధ వీడియో గేము రెండో భాగాన్ని దేశం తరఫున తొలిసారి ఆడుతున్న జూనియర్ మూల్యాంకకుడు ఒక నీళ్ల డ్రమ్ము చాటున నక్కి ఉన్నాడు. డ్రమ్ము తెర మీదిది. భయం మాత్రం కుర్చీలోది.

అంతకు వారం ముందే మంత్రిగారు పత్రికల వారిని పిలిపించి చారిత్రక ప్రకటన చేశారు. "మొదటి భాగంలో మన సిపాయి చనిపోయేవాడు. రెండో భాగంలో చనిపోడు. ఇది మా ప్రభుత్వం ఇస్తున్న హామీ!" చప్పట్లు మోగాయి. మొదటి భాగం సాధించిన విజయం కూడా సామాన్యమైనది కాదు. దానిని ప్రభుత్వ కార్యాలయాల కంప్యూటర్లన్నింటిలోకీ ఎక్కించారు; తీసివేసే వీలు మాత్రం కల్పించలేదు. అందువల్ల ఆ ఆటను వదులుకున్న పౌరుడు ఒక్కడూ లేడని గణాంకాలు ఘనంగా తేల్చాయి.

రెండో భాగాన్ని తూచే బాధ్యత మన జూనియర్ మీద పడడానికి కారణం అతడి పద్యాలు. శాఖ వార్షిక సంచికలో ఖడ్గం మీద అతడు రాసిన పన్నెండు పద్యాలు అచ్చయ్యాయి. కింద పేరుండవలసిన చోట "మా ఉద్యోగి ఒకరు" అని వేశారు. ఖడ్గం మీద రాసినవాడికి తుపాకీ ఒక లెక్కా అని డైరెక్టరుగారు సెలవిచ్చారు. నిజానికి అతడు జీవితంలో చేతపట్టిన ఆయుధాలలో అత్యంత పదునైనది పెన్సిలు చెక్కుకునే బ్లేడు. దానితోనే వేలు కోసుకుని, అక్క చేత కట్టు కట్టించుకుని, ఆ కట్టుతోనే ఆ పన్నెండు పద్యాలూ పూర్తిచేశాడు.

ఆ కార్యాలయంలో నివేదికలకు ఒక ఆచారం ఉంది. నివేదిక పేరు లేకుండా పైకి వెళ్తుంది. మంత్రిగారు మెచ్చుకుంటే, "తయారుచేసినవారు" అన్న గీత మీద డైరెక్టరుగారి పేరు చేరుతుంది. మంత్రిగారు మండిపడితే, నిజంగానే తయారుచేసినవారి పేరు చేరుతుంది. ఇందులో అన్యాయమేమీ లేదు; పేరు అనేది బాధ్యత కాబట్టి, ఎవరికి ఎంత బాధ్యత తగునో గాలి వాటం చూసి పంచుతారు.

నిబంధన కూడా ఒకటి ఉంది. ప్రొబేషన్‌లో ఉన్న ఉద్యోగి పేరు కనీసం ఒక్క నివేదిక మీదైనా కనబడితేనే అతడి ఉద్యోగం ఖాయమవుతుంది. రెండేళ్లలో మన జూనియర్ ఏడు నివేదికలు రాశాడు. దురదృష్టవశాత్తూ ఏడూ బాగున్నాయి. నెలాఖరుకు ప్రొబేషన్ ముగిసిపోతుంది. ఇది ఎనిమిదోది. దీని తర్వాత గీత ఉంటుంది గానీ, దాని మీదికి ఎక్కడానికి అతడు ఉండడు.

"ఏరా చిన్నోడా, యుద్ధం ఎందాకా వచ్చింది?" అంది నాలుగో రోజు సాయంత్రం అక్క, ఆరిన బట్టలు మడత పెడుతూ.

"డ్రమ్ము దగ్గరే ఉన్నానక్కా."

"ఇంకానా! నాలుగు రోజులైంది కదరా!"

"డ్రమ్ము చాలా బాగుందక్కా. అడుగున తుప్పు కూడా వేశారు."

బావ పేపరు పక్కన పెట్టి, "బావమరిదీ, ఆ తుప్పు మీద ఒక పద్యం రాసి పారెయ్. దేశానికి ఆ మాత్రం సేవ చాలు" అన్నాడు.

"మీరు ఊరుకోండి," అని అక్క అతడి వైపు తిరిగింది. "నవ్వులాట కాదురా. ఈసారైనా ఆ డైరెక్టరుతో చెప్పు, నా పేరు వెయ్యండి సార్ అని. నోరు తెరిస్తే ముత్యాలేం రాలిపోవు. బళ్లో హాజరు పిలిస్తే పక్కవాడి చేత పలికించేవాడివి. ఇప్పుడు పక్కన ఎవరున్నారు?"

పక్కన బావ ఉన్నాడు. ఆయన అప్పటికే మళ్లీ పేపర్లో తల దూర్చేశాడు.

మర్నాడు మూల్యాంకన సంఘం సమావేశమైంది. డైరెక్టరుగారు అధ్యక్షులు. సైన్యం తరఫున రిటైర్డ్ మేజరుగారు, విదేశాంగ శాఖ నుంచి ఒక మేడం, కట్టడాల శాఖ ఇంజనీరు, న్యాయ సలహాదారు వచ్చారు. బల్ల చివర, ఆ గేము తయారు చేసిన అమ్మాయి మూడేళ్ల అలసటనంతా కళ్ల కింద పెట్టుకుని కూర్చుంది. గోడ మీది తెరపై ఆట కదలసాగింది. సంఘ సభ్యులలో ఎవరూ దానిని అంతకుముందు చూడలేదు; కనుకనే వారి అభిప్రాయాలు నిష్పాక్షికంగా ఉన్నాయి.

"నేను చూసిన యుద్ధంలో ఇంత చప్పుడు లేదు," అన్నారు మేజరుగారు.

"ఏ యుద్ధమండీ?" అంది అమ్మాయి.

"ముప్ఫై ఒక్క ఏళ్లు దుప్పట్ల స్టోరు చూశానమ్మా. చీమ చిటుక్కుమంటే వినబడేది."

చప్పుడు తగ్గించాలని రాసుకున్నారు. విదేశాంగ మేడం కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగారు. "ఆ శత్రువు టోపీ ఏమిటి, ఆ రంగులో ఉంది?"

"గడ్డిలో కలిసిపోవాలని మేడం."

"పొరుగు దేశం రాయబారి గొడుగు అచ్చం అదే రంగు. తీసేయండి."

"టోపీ తీసేస్తే చాలా మేడం?"

"టోపీ కాదమ్మా, శత్రువుని."

అమ్మాయి నోట మాట రాలేదు. ఆ మౌనాన్ని అంగీకారంగా నమోదు చేశారు. ఇంజనీరుగారికి ఒకటే సందేహం. తూటాలు తగిలి గోడలకు బొక్కలు పడుతున్నాయి. వాటికి తిరిగి సున్నం వేసేదెవరు? ఎవరూ లేరని తేలడంతో, తూటాలు గోడలను తాకకూడదని తీర్మానించారు. న్యాయ సలహాదారు చివరగా గొంతు సవరించుకున్నారు.

"సిపాయి కాల్చడానికి రాతపూర్వకమైన అనుమతి ఉందా?"

"శత్రువునే తీసేశారు కదండీ!"

"శత్రువు లేనప్పుడు కాలిస్తే కేసు ఇంకా బలంగా ఉంటుందమ్మా. అనుమతి తప్పనిసరి."

"ఎవరి అనుమతి?"

"ఇంకెవరిది?" అన్నారు డైరెక్టరుగారు వెలిగిపోతున్న ముఖంతో. "మంత్రిగారిది! ఆటలో ఎక్కడా మంత్రిగారి ఊసే లేదని నాకు మొదటినుంచీ వెలితిగానే ఉంది."

అమ్మాయి బల్ల ఈ చివర నుంచి ఆ చివర వరకూ చూసి, గోడ వారగా కూర్చున్న జూనియర్ దగ్గర ఆగింది. "మీరు ఆడారు కదండీ? మీరైనా చెప్పండి."

అన్ని తలలూ అతడి వైపు తిరిగాయి. అతడు లేచి నిలబడ్డాడు. చెప్పవలసిన మాటలు గుండెలో బారులు తీరి, కంఠం దాకా కవాతు చేసి, పెదవుల దగ్గర వెనుదిరిగాయి.

"డ్రమ్ము..." అన్నాడు.

"డ్రమ్ముకేమైందయ్యా కవీ?" అన్నారు డైరెక్టరుగారు.

"బాగుందండీ."

కూర్చున్నాడు. "మూల్యాంకకుడు సంపూర్ణ సంతృప్తి వ్యక్తం చేశారు" అని మినిట్సులో రాసుకున్నారు.

సమావేశం ముగిశాక మెట్ల దగ్గర ఆ అమ్మాయి అతడిని ఆపింది. ఆమె తిడుతుందనుకుని అతడు ముందుగానే తల వంచుకున్నాడు.

"మూడేళ్లు పనిచేశానండీ దీని మీద. ఈ బిల్డింగులో ఆడి చూసింది మీరొక్కరే. ఇక్కడ ఎవరూ లేరు, నిజం చెప్పండి. ఎలా ఉంది?"

"భయమేసిందండీ," అన్నాడు అతడు మెట్లకు చెబుతున్నట్టు. "చేతులు చెమటలు పట్టాయి. రెండుసార్లు కుర్చీలోంచి లేచిపోయాను. డ్రమ్ము వదిలి బయటికి రాలేకపోయాను. అవతల ఎవరో నిజంగా ఉన్నట్టే అనిపించింది."

ఆమె కళ్ల కింది అలసట ఒక్కసారిగా తేలికపడింది. "నా పని గురించి ఇంత మంచి మాట ఎవరూ అనలేదండీ," అని మెట్లు దిగి వెళ్లిపోయింది.

పది రోజులకు సవరించిన ఆట వచ్చింది. అతడు తలుపు మూసుకుని కూర్చున్నాడు. వరండాలోకి ఏ మోతా వినిపించలేదు. అటెండరు అనుమానంగా తలుపు తోసి, "సార్, బతికే ఉన్నారా?" అని అడిగి వెళ్లాడు.

అతడు తొలిసారి డ్రమ్ము చాటు నుంచి బయటికి వచ్చాడు. మైదానమంతా నడిచాడు. కొండ ఎక్కాడు, కొండ దిగాడు, పాడుపడిన ఇంటి గదులన్నీ తిరిగాడు. ఎవరూ లేరు. ఎవరి అడుగుల చప్పుడూ లేదు. ఖడ్గం మీద పన్నెండు పద్యాలు రాసిన చేతితో మీట నొక్కాడు. తుపాకీ పేలలేదు, ఒక దరఖాస్తు ఫారం తెరుచుకుంది. అందులో పద్నాలుగు గడులున్నాయి. ఇంత ధైర్యంగా తాను ఎన్నడూ ఏ యుద్ధభూమిలోనూ నిలబడలేదని గ్రహించి అతడు సిగ్గుపడ్డాడు.

ఆ మధ్యాహ్నమే నివేదిక రాశాడు. నలభై పేజీలు. మూల్యాంకన పత్రంలో "గుణాలు" అనే శీర్షిక కింద ముప్ఫై తొమ్మిది పేజీల స్థలం ఉంది. లోపాలకు స్థలం లేదు. చివరి పేజీలో "ఇతర విషయాలు" అని ఉన్నచోట అతడు నాలుగు వాక్యాలు రాశాడు. రాసి కొట్టేశాడు. కొట్టేసి మళ్లీ రాశాడు. అక్షరాలు వీలైనంత చిన్నవిగా వేశాడు. ధైర్యం చేసినా మర్యాద తప్పకూడదు కదా.

డైరెక్టరుగారు నివేదికను అరచేతిలో ఎత్తి చూశారు. "ఎన్ని పేజీలు?"

"నలభై అండీ. చివరి పేజీ ఒక్కసారి..."

"బరువు బాగుంది," అని ఆయన దానిని మంత్రిగారి పేషీకి పంపించారు.

ఆవిష్కరణ సభ ఆడిటోరియంలో జరిగింది. వేదిక మీద గోడంత తెర, దాని ముందు మంత్రిగారు, ఆయన చేతిలో ఆట మీట. కింద పత్రికల వారు, సంఘ సభ్యులు, చివరి వరుసలో గేము అమ్మాయి. మన జూనియర్ రెండో వరుస అంచున, ఎవరైనా అడిగితే సీటు ఇచ్చేయడానికి వీలుగా కూర్చున్నాడు.

"చూడండి మన సిపాయి ప్రతాపం!" అని మంత్రిగారు మీట నొక్కారు.

తెర మీద అక్షరాలు వెలిగాయి. "కాల్పుల అనుమతి కోసం మీ దరఖాస్తు మంత్రిగారికి పంపబడింది. మంత్రిగారు సీటులో లేరు. దయచేసి వేచి ఉండండి."

"నేనిక్కడే ఉన్నాను కదయ్యా!" అని మంత్రిగారు మళ్లీ నొక్కారు.

"మీ రెండో దరఖాస్తు మొదటి దరఖాస్తుకు జతచేయబడింది. మంత్రిగారు సీటులో లేరు."

డైరెక్టరుగారు వేదిక మీదికి పరుగెత్తి మంత్రిగారి చెవి దగ్గర వంగారు. మైకు ఆ చెవికి దగ్గరలోనే ఉంది. "సార్, ఆటలో తమరు ఎప్పుడూ సీటులో ఉండరు సార్. ప్రజల మధ్య ఉంటారు."

తెర మీద సిపాయి తుపాకీ పట్టుకుని ఖాళీ మైదానంలో నిలబడి ఉన్నాడు. ఇచ్చిన హామీ ప్రకారం చనిపోలేదు. ముందు వరుసలోని విలేఖరి ఒకడు లేచి వినయంగా, "సార్, మూడో భాగంలోనైనా సీటులోకి వస్తారా?" అని అడిగాడు. సభ కిసుక్కుమంది.

మంత్రిగారు మీట కింద పెట్టి, బల్ల మీది నివేదికను అందుకున్నారు. కోపంతో వెనక నుంచి తెరిచారు. చివరి పేజీని కళ్లకు దగ్గరగా పెట్టుకుని, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ పైకి చదివారు.

"మొదట ఈ ఆటలో నేను భయపడ్డాను. ఇప్పుడు భయపడడానికి ఎవరూ లేరు, ఆడడానికి ఏమీ లేదు. మనం సిపాయిని బతికించలేదు, ఒంటరిని చేశాం. దీనిని ఆమోదించవద్దు."

మంత్రిగారు మొదటి పేజీకి తిప్పారు; "తయారుచేసినవారు" అన్న గీత ఖాళీగా ఉంది.

"ఎవరు రాశారిది?" అన్నారు మంత్రిగారు.

ఆయన ముఖం చూసి గాలి వాటం పసిగట్టడంలో ఆ శాఖ తరతరాలుగా ఆరితేరినది. కానీ ఆ ముఖంలో ఆ క్షణాన ఏ గాలీ లేదు. కోపమో, మెప్పో తేలలేదు. డైరెక్టరుగారు జేబులోంచి పెన్ను తీసి, మూత విప్పి, నివేదిక మొదటి పేజీలోని గీతకు అంగుళం ఎత్తున ఆపి, ఎవరి పేరు రాయాలో తెలియక అలాగే ఉండిపోయారు. మేజరుగారు పైకప్పును పరిశీలించసాగారు. విదేశాంగ మేడం చేతిసంచిలో ఏదో వెతకడం మొదలుపెట్టారు.

మెచ్చుకుంటే గీత డైరెక్టరుగారిది. మండిపడితే మన జూనియర్‌ది, దానితో వచ్చే అవమానమూ అతడిదే. ఆ పెన్ను దిగేలోగా మాత్రం గీత ఎవరిదీ కాదు. ఇదంతా ఆలోచించే తాను లేచానని అతడు తర్వాత అక్కతో చెప్పుకోబోతున్నాడు గానీ, అది అబద్ధం. కాళ్లు వాటంతట అవే లేచాయి. మిగతా మనిషి వాటి వెంట రాక తప్పలేదు.

నోరు తెరిచాడు. గాలి వచ్చింది. మళ్లీ తెరిచాడు.

"నేనండీ."

"నేనంటే? పేరు లేదా?"

చివరి వరుసలో ఎవరో కుర్చీ వెనక్కి తోసి లేచి నిలబడ్డారు. అతడు తిరిగి చూడలేదు. ఊపిరి నిండా పీల్చుకుని, మైకు అవసరం లేనంత గట్టిగా అన్నాడు:

"భీమశంకరం."